ఉగాండా పల్లెకు వాలంటీరుగా వెళ్తున్నవారికి: మొదటి మూడు నెలలు ఎలా గడపాలి?

మీ ప్రశ్న ఇది: "నాకు 26 ఏళ్లు. ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఏడాది పాటు ఉగాండాలో మసాకా పట్టణం దగ్గర ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో పనిచేయడానికి అక్టోబరులో వెళ్తున్నాను. శాకాహారిని. అక్కడి వేడి, తిండి, మలేరియా, ఒంటరితనం తలుచుకుంటే భయంగా ఉంది. ఎలా సర్దుకోవాలి? వెంట ఏమి తీసుకువెళ్లాలి?"

ముందు సూటిగా జవాబు చెబుతాను. వేడి మీకు సమస్య కాదు. తిండి నెల రోజుల్లో కుదురుతుంది. ఒంటరితనం మొదటి వారంలో కాదు, మూడో నెలలో వస్తుంది. దానికి ముందే సిద్ధపడవచ్చు. మలేరియాను మాత్రం ఒక్క రోజు కూడా తేలికగా తీసుకోకూడదు. మొదటి ఆరు వారాలు ల్యాబ్‌లో ఏదో మార్చేయాలని తొందరపడకండి. నీళ్లు, నిద్ర, వంట, పలకరింపు, ఈ నాలుగూ అక్కడివాళ్ల దగ్గర చిన్నపిల్లలా నేర్చుకోండి. నేను 2011 నుంచి 2013 వరకు అదే ప్రాంతంలో మీలాగే ల్యాబ్ పని మీద ఉన్నాను. ఆ తరువాత కొత్తగా వెళ్లేవాళ్లకు తర్ఫీదు ఇస్తూ వస్తున్నాను. నాకు తెలిసి గడువుకు ముందే తిరిగి వచ్చినవాళ్లలో ఎక్కువమంది పని చేతకానివాళ్లు కాదు. దిగిన మర్నాటి నుంచే పనిలో మునిగిపోయి, ఒంటినీ ఇంటినీ చుట్టుపక్కలవాళ్లనూ పట్టించుకోనివాళ్లు.

వేడి సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. కంపాలా నుంచి మసాకా వెళ్లే దారిలో కయాబ్వే అనే చోట భూమధ్యరేఖ దాటుతారు. ఆ పేరు వినగానే మనకు నిప్పుల కుంపటి గుర్తుకొస్తుంది. కానీ ఆ ప్రాంతమంతా సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైన ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో పెరిగినవాళ్లకు అక్కడి పగలు హాయిగా ఉంటుంది, వాన కురిసిన రాత్రి దుప్పటి కావాలనిపిస్తుంది. ఒక స్వెటర్ పెట్టుకోండి. అయితే చల్లగా ఉందని ఎండలో టోపీ లేకుండా తిరగవద్దు. నడినెత్తి మీద నిలిచే ఎండ అది, గాలి చల్లగా ఉండటం వల్ల చర్మం కమిలేదాకా తెలియదు.

ఇక అసలు విషయం, పలకరింపు. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఆరోగ్య కేంద్రంలో అడుగుపెట్టిన రెండో రోజు పొద్దున్నే నేరుగా ల్యాబ్‌లోకి వెళ్లి, "స్లైడ్ల పెట్టె ఎక్కడుంది?" అని అడిగాను. అడిగినదానికి జవాబు వచ్చింది, కానీ ఆ రోజంతా ఎవరూ నాతో మాట కలపలేదు. సాయంత్రం అక్కడి పెద్ద నర్సు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు ఈ రోజు మాలో ఎవరినీ పలకరించలేదు. మేము నిన్ను ఎలా పలకరించాలి?" అంది. ఆ మాట ఇప్పటికీ నాలో నాటుకునే ఉంది.

అక్కడి లుగాండా భాషలో పలకరింపు ఒక మాట కాదు, చిన్న సంభాషణ. పొద్దున అయితే "వసూజె ఓత్యా" అంటారు, రాత్రి ఎలా గడిచింది అని. సాయంత్రం అయితే "ఓసీబ్యే ఓత్యా", పగలు ఎలా గడిచింది అని. మగవారిని సెబో, ఆడవారిని న్యాబో అని గౌరవంగా పిలుస్తారు. ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారు, పిల్లలు ఎలా ఉన్నారు అని అడిగాకే పని మాట. నాకు అన్నిటికంటే నచ్చినది "జెబాలె కో". ఏదైనా పని చేస్తున్నవాళ్లను చూసినప్పుడు అనే మాట అది. నువ్వు చేస్తున్న పనికి కృతజ్ఞతలు అన్న భావం. నీళ్లు మోసుకెళ్తున్న అమ్మాయికీ, పొలంలో పార పట్టిన ముసలాయనకూ, మైక్రోస్కోపు ముందున్న మీకూ అదే మాట. వెళ్లేముందు ఈ నాలుగైదు మాటలు నోటికి పట్టించుకోండి. ఉచ్చారణ తప్పినా ఫరవాలేదు, మీ నోట విన్నందుకే వాళ్ల ముఖాలు విచ్చుకుంటాయి. లుగాండా మాట్లాడే గండా ప్రజల కుటుంబాల్లో ఆడవాళ్లు పెద్దలను పలకరించేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటారు. విదేశీయుల నుంచి దాన్ని ఎవరూ ఆశించరు, కొంచెం వంగి చేయి కలిపితే చాలు. నేను మాత్రం మా ఇంటి యజమానురాలి అత్తగారి ముందు మోకరిల్లేదాన్ని. పెద్దలకు పాదాభివందనం చేసే ఇంట పుట్టినదాన్ని, అది నాకు కొత్తగా అనిపించలేదు.

రోజూ పోయే దారిలో నాలుగు రోజులు కనబడకపోతే, "ఏమిటి, తప్పిపోయావు?" అని ఇంగ్లీషులోనే అడుగుతారు. నిందిస్తున్నారని బాధపడకండి. కనబడనందుకు వెలితిగా ఉందని చెబుతున్నారు.

గడియారం విషయం ఎవరూ ముందుగా చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను. లుగాండాలో గంటలను పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కిస్తారు. మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి, ఎనిమిది గంటలు రెండు, పది గంటలు నాలుగు. భూమధ్యరేఖ పక్కనే కనుక ఏడాది పొడవునా పొద్దు పొడిచే వేళ పెద్దగా మారదు, ఆ లెక్క వాళ్లకు చక్కగా సరిపోతుంది. మన పెద్దలు సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టినట్టే అనుకోండి, గడియకు ఇరవైనాలుగు నిమిషాల బదులు గంట పెట్టుకుంటే సరి. ఒక గ్రామ సభకు "నాలుగు గంటలకు" రమ్మంటే నేను సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. ఉదయం పదింటికి నా కోసం యాభైమంది చెట్టు కింద ఎదురుచూసి వెళ్లిపోయారు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు సాధారణంగా మనలాగే చెబుతారు, లుగాండాలో చెప్పినప్పుడే ఈ తేడా. అనుమానం వస్తే పొద్దుననా, భోజనం తరువాతనా అని అడగండి.

మలేరియా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ల్యాబ్ చదివినవాళ్లం కనుక మనకు అన్నీ తెలుసనే నమ్మకం ఉంటుంది. అదే ప్రమాదం. మన ఊళ్లలో చిన్నప్పుడు మలేరియా వచ్చింది కదా, ఒంటికి అలవాటు ఉంటుందిలే అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ రక్షణ ఏదీ మిగలదు. అక్కడ ఎక్కువగా ఉండేది ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపేరం రకం. పుట్టినప్పటి నుంచి అదే ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు దాన్ని జలుబులా భరించి పనికి రావడం చూస్తారు. వాళ్లతో మిమ్మల్ని పోల్చుకోకండి.

నివారణకు మాత్రలున్నాయి. డాక్సీసైక్లిన్ రోజూ వేసుకోవాలి, తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. ఆహారం తరువాత గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతులో మంట పుడుతుంది. దానివల్ల ఎండకు చర్మం త్వరగా కములుతుంది కూడా. మెఫ్లోక్విన్ వారానికి ఒకసారి చాలు కానీ కొందరికి భయంకరమైన కలలు, మనసు కలత తెస్తుంది. అటొవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర చాలామందికి పడుతుంది, కానీ ఖరీదెక్కువ. మీ ఒంటికి ఏది తగినదో వైద్యుడు చెప్పాలి, నేను కాదు. నేను చెప్పేది ఒక్కటే: ఏది రాసినా ఒక్క రోజు మానకండి.

నేను ఐదో నెలలో మానేశాను. కడుపులో తిప్పుతోందని, ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా అని. మూడు వారాలకు వణుకు పట్టుకుంది. నా వేలి నుంచి రక్తం తీసి, స్లైడు చేసి, రంగు వేసి చూసినది నా దగ్గర శిక్షణ పొందుతున్న కుర్రవాడే. ఆ పూట కరెంటు లేదు. కిటికీ దగ్గరికి మైక్రోస్కోపు జరిపి, అద్దంతో ఎండను పట్టి, పావుగంట మాట్లాడకుండా చూశాడు. తరువాత నన్ను లేపి, "మేడం, మీరే చూడండి" అన్నాడు. ఎర్ర కణాల్లో మలేరియా క్రిములు ఉంగరాల్లా బారులు తీరి ఉన్నాయి. నేను నేర్పిన పద్ధతిలోనే లెక్క రాసి సంతకం చేశాడు. ఆర్టిమెథర్, ల్యూమిఫాంట్రిన్ మాత్రలు పూటకు నాలుగు చొప్పున, మూడు రోజుల్లో ఆరు పూటలు వేసుకున్నాను. కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకుంటేనే అవి ఒంటికి సరిగా పడతాయి. వాంతుల మధ్య పక్కింటావిడ వేరుశనగ పులుసు చెంచాతో తాగించింది. జ్వరం వస్తే గంటలు లెక్కపెట్టాలి, రోజులు కాదు. పరీక్ష చేయించుకోండి, మీ సమన్వయకర్తకు అప్పుడే ఫోను చేయండి. ఊరికి వచ్చాక నెలల తరువాత జ్వరం వచ్చినా, ఉగాండాలో ఉన్నానని వైద్యుడికి ముందుగా చెప్పండి.

దోమతెర గురించి: మందు పట్టించిన తెర తీసుకోండి, పరుపు కిందికి నాలుగు వైపులా దోపండి. మలేరియా దోమ ఎక్కువగా రాత్రివేళ కుడుతుంది. ఏడు గంటలకల్లా చీకటి ముసురుకుంటుంది, సంధ్య అంటూ పెద్దగా ఉండదు. అప్పటికి పొడవు చేతుల బట్టల్లోకి మారిపోండి.

నీళ్ల కోసం పసుపు రంగు జెర్రీకాన్లు, ఇరవై లీటర్లవి, ప్రతి ఇంటి ముందూ కనబడతాయి. రెండు కొనుక్కోండి. తాగే నీళ్లు మరగకాచి చల్లార్చి మూతపెట్టాలి. వంటకు సిగిరి అనే బొగ్గుల కుంపటి వాడతారు. దాన్ని తలుపులు మూసిన గదిలో, ముఖ్యంగా చలిగా ఉందని రాత్రిపూట, పెట్టుకోకండి. బొగ్గు పొగలోని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. విక్టోరియా సరస్సు ఒడ్డు మీకు దగ్గరే, చాలా అందంగా ఉంటుంది. ఆ నీళ్లలో కాళ్లు పెట్టకండి. నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా క్రిములు చర్మంలోంచి లోపలికి వెళ్తాయి.

బట్టల విషయం కొత్తవాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. ఆరుబయట ఆరేసిన తడిబట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. మామిడి ఈగ అంటారు. ఆ బట్టలు అలాగే తొడుక్కుంటే పురుగు చర్మంలో చేరి, సెగగడ్డలా లేస్తుంది. అందుకే అక్కడ లోదుస్తులతో సహా ప్రతి బట్టకూ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేస్తారు. చాదస్తం అనుకుని నవ్వకండి, మీరూ చేయండి.

తిండి. మీరు భయపడుతున్నంత లేదు. మటోకె అనే పచ్చి అరటికాయ అక్కడి అన్నం. తొక్క తీసి, అరటి ఆకుల్లో చుట్టి, ఆవిరి మీద గంటల తరబడి ఉడికించి మెదుపుతారు. దాని మీద బిన్యేబ్వా అనే వేరుశనగ పులుసు పోస్తారు. మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. నాలుగో వారానికి నేను అడిగి పెట్టించుకున్నాను. రాజ్మాలాంటి చిక్కుడు గింజలు, కర్రపెండలం, చిలగడదుంప, మొక్కజొన్న పిండితో చేసే పోషో, పనస, బొప్పాయి, వెన్నపండు, అన్నీ దొరుకుతాయి. వాళ్లు డోడో అనే ఆకుకూర మన తోటకూరే. చపాతీ అదే పేరుతో ప్రతి సందులో ఉంటుంది. గుడ్డు తినేవాళ్లయితే, అట్టు చపాతీలో చుట్టి ఇచ్చే రోలెక్స్ ఆకలిని ఆదుకుంటుంది.

చిక్కు మరొకటి ఉంది. అతిథికి కోడి కోయడం అక్కడ గొప్ప మర్యాద. కోసిన తరువాత తిననంటే ఇంటివాళ్ల మనసు గాయపడుతుంది. పిలిచిన రోజే, నవ్వుతూ, "సిర్యా న్యామా", నేను మాంసం తినను అని చెప్పండి. చేప కూడా తిననని విడిగా చెప్పాలి, ఎందుకంటే వేరుశనగ పులుసులో ఒక్కోసారి ఎండుచేప వేస్తారు. మా నానమ్మకు మొక్కు ఉందని, ఇంటి ఆచారమని చెప్పేదాన్ని నేను. ఒక్కో వంశానికి ఒక్కో జంతువు తినకూడదనే నియమం గండా ప్రజల్లోనూ ఉంది కనుక, ఆచారం అంటే వాళ్లకు వెంటనే అర్థమయ్యేది.

మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు తీసుకువెళ్లండి. ఆ ఎత్తులో నీళ్లు వంద డిగ్రీలకు ముందే మరుగుతాయి, గింజలు ఎంతకీ ఉడకవు. కందిపప్పు, ఆవాలు కంపాలాలోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. నెలకోసారి తెచ్చుకోవచ్చు.

మీరు అడగని విషయం ఒకటి. మలేరియా కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది బోడాబోడా, అంటే కిరాయి మోటారుసైకిలు. సరిహద్దు నుంచి సరిహద్దుకు మనుషులను చేరవేసిన సైకిళ్ల నుంచి ఆ పేరు వచ్చింది. నాకు తెలిసిన వాలంటీర్లలో తీవ్రంగా గాయపడిన ఇద్దరూ దాని మీదినుంచి పడినవాళ్లే. మీ సంస్థ నిషేధిస్తే ఆ నియమం పాటించండి. అనుమతిస్తే హెల్మెట్ ఇక్కడి నుంచే తీసుకువెళ్లండి, నమ్మకమైన ఒకే నడిపేవాడిని పెట్టుకోండి, చీకటి పడ్డాక ఎక్కకండి.

మీరు భారతీయురాలు కావడం వల్ల ఒక ప్రత్యేక పరిస్థితి ఉంటుంది. పిల్లలు "ముయిందీ" అని పిలుస్తారు, భారతీయురాలని అర్థం. పెద్దలు మీకు దుకాణమో ఫ్యాక్టరీయో ఉందనుకుంటారు. 1972లో అప్పటి ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియావాసులను, అంటే ఎక్కువగా భారతీయ మూలాలవాళ్లను, తొంభై రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. తరువాతి దశాబ్దాల్లో కొందరు తిరిగి వచ్చి వ్యాపారాలు నిలబెట్టుకున్నారు. ఆ చరిత్ర గురించి ఒక్కొక్కరికి ఒక్కో అనుభవం, ఒక్కో బాధ. భారతీయ యజమాని దగ్గర తక్కువ కూలికి పనిచేసిన మనిషి మీ ముందు తన కోపం వెళ్లగక్కవచ్చు. వాదించకండి, సంజాయిషీ ఇవ్వకండి, వినండి. నేను ఆరోగ్య కేంద్రంలో రోజూ కఫం పరీక్షలు చేస్తున్నానని తెలిసిన నాటి నుంచి, నా మీద అలా కోపపడిన మనిషే నన్ను "ముసావో" అని పిలవడం మొదలుపెట్టాడు. వైద్యం చేసేవాళ్లను పిలిచే పేరు అది.

డబ్బు అడుగుతారు. స్కూలు ఫీజుకు, మందులకు, అంత్యక్రియలకు. ప్రతిసారీ గుండె తరుక్కుపోతుంది. విడివిడిగా ఇవ్వడం మొదలుపెడితే స్నేహాలు పద్దులుగా మారిపోతాయి. నేను ఊరివాళ్లు నడుపుకునే పొదుపు సంఘానికి నెలకు కొంత ఇచ్చేదాన్ని, ఎవరికి ఇవ్వాలో వాళ్లే తేల్చుకునేవారు. ఇంట్లో చావు జరిగితే మాత్రం అందరిలాగే చేతనైనది ఇచ్చి, వెళ్లి కూర్చునేదాన్ని.

ఒంటరితనం. మొదటి నెల అంతా వింతే, రెండో నెల అలసట. మూడో నెలలో ఒక సాయంత్రం వాన కురుస్తుంటే, కరెంటు పోయి, అమ్మతో ఫోను మధ్యలో తెగిపోయి, నేను ఇక్కడ ఎందుకున్నాను అనిపిస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది. అది వచ్చినప్పుడు తిరుగు టిక్కెట్టు గురించి నిర్ణయం తీసుకోకండి, మూడు వారాలు ఆగండి. ఇంటికి రోజూ రెండు మూడు సార్లు వీడియో కాల్ చేసే అలవాటు పెట్టుకోకండి. వారానికి రెండు రోజులు, వేళ పెట్టుకుని మాట్లాడండి. సగం మనసు ఇక్కడే ఉంటే అక్కడివాళ్లు మీ దగ్గరికి రాలేరు. చీకటి పడ్డాక గదిలో కూర్చోకుండా పక్కింటి వంటపాకలో కూర్చోండి. ఒళ్లంతా కప్పుకుని, దోమల మందు రాసుకుని వెళ్లండి. మాటలు రాకపోయినా చిక్కుడుకాయలు ఒలవవచ్చు.

నాకు ఆ ఊరు నాది అనిపించిన రాత్రి గుర్తుంది. నవంబరు వానల్లో న్సేనేనే అనే పచ్చ మిడతలు దండుగా దిగుతాయి, మసాకా ప్రాంతం వాటికి పేరు. ఎత్తైన దీపాలు పెట్టి, రేకులు వాలుగా నిలిపి, కింద పీపాల్లో పడేలా పడతారు. ఊరంతా మేలుకునే ఉంటుంది. నేను తిననని అందరికీ తెలుసు. అయినా మా ఇంటావిడ ఒక చాట నా ఒళ్లో పెట్టి, రెక్కలూ కాళ్లూ ఎలా తీయాలో చూపించింది. తెల్లవారేదాకా ఆడవాళ్లందరితో కూర్చుని రెక్కలు తీశాను. వాళ్ల అత్తగారు నా పక్కకు చేరి, వెనకటి రోజుల్లో మేమూ ఇలాగే తీసేవాళ్లం, ఆడవాళ్లు తినకూడదనేవారు అని చెప్పింది. మీరు అక్టోబరులో దిగుతారు కనుక, ఆ రాత్రులు మీకు రెండో నెలలోనే వస్తాయి. నిద్ర పోకండి.

సామాను గురించి క్లుప్తంగా: మోకాళ్లు దాటే స్కర్టులు లేదా మీ చుడీదార్లే చాలు, చేతుల్లేని జాకెట్లు వద్దు. సౌర దీపం, మూడు చదరపు పుల్లల ప్లగ్గుకు అడాప్టర్, మూసిన చెప్పులు, ఏడాదికి సరిపడే మీ సొంత మందులు చీటీతో సహా. అత్యవసరంగా నైరోబీకో ఇండియాకో తరలించే ఖర్చు భరించే బీమా ఉందా అని మీ సంస్థను రాతపూర్వకంగా అడగండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు పుస్తకం పాస్‌పోర్టుతోనే ఉంచండి. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజులు వేరుగా ఉంచే అవకాశం ఉంది.

చివరగా ఆవకాయ తీసుకువెళ్లాలా అని మీకు సందేహం ఉండే ఉంటుంది. రెండు సీసాలు తీసుకువెళ్లండి, మూతలకు టేపు చుట్టి, బట్టల మధ్య పెట్టండి. ఒకటి మీకు. రెండోది ఇంటివాళ్లకు. మా ఇంటావిడ మొదటిసారి నాలుకకు తగిలించి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తరువాత కర్రపెండలం ఉడకబెట్టిన ప్రతి రోజూ చిన్న గిన్నె పట్టుకుని నా తలుపు తట్టేది.